నల్లబొట్టు - నల్లని ఆకాశం

మీ ఇంట్లో పాత ఆల్బమ్ ఉంటే ఒక్కసారి తీసి చూడండి. అమ్మమ్మలు, నాన్నమ్మల కాలం నాటి ఫోటో ఒకటైనా దొరక్కపోదు. కుర్చీలో తాతగారు, కుర్చీ మీద చెయ్యి ఆనించి నిలబడ్డ అమ్మమ్మ, వెనకాల తెరమీద ఏ రాజమహలుదో మెట్లవరస. అంతా బాగానే ఉంటుంది గాని, ఆవిడ బొట్టు చూశారూ? నుదుటి నిండా పెట్టుకున్న కుంకుమ, కాటుక దిద్దినట్టు నల్లగా ఉంటుంది!

మా ఇంట్లో అలాంటి ఫోటో ఒకటి మరకలు పడిపోతోందని, బాగుచేసి రంగులు వెయ్యమని స్టూడియోలో ఇచ్చాం. ఆ అబ్బాయి శ్రద్ధగానే వేశాడు. చీరకి నలుపు, బొట్టుకి నలుపు. చూడగానే మా అమ్మ మొహం మాడిపోయింది. "మా అమ్మ జన్మలో నల్లచీర కట్టి ఎరగదు. అది ఎర్ర పట్టుచీర. పండగ పండక్కీ కడుతుంటే నేను కళ్ళారా చూశాను" అంది. "ఫోటోలో నల్లగానే ఉందండీ, నేనేం చెయ్యను?" అన్నాడు పాపం అతను.

ఇద్దరి మాటా నిజమే. తప్పు ఆ పాతకాలపు ప్లేటుది. తొలిరోజుల ఫోటోప్లేట్లకి నీలం, ఊదా తప్ప తక్కిన రంగులు దాదాపు ఆనేవి కావు. తరవాత్తరవాత పచ్చరంగు కూడా ఆనింది గాని, ఎరుపు దగ్గర మాత్రం అవి గుడ్డివే. ఫోటోలు కడిగే చీకటిగదిలో ఎర్రదీపం వెలిగించుకుని పని చేసుకునేవారంటే అందుకే. ప్లేటుకి కనపడని వెలుతురు దాన్నేం చేస్తుంది? అలా ఎర్రచీరలన్నీ నల్లచీరలయ్యాయి, కుంకుమబొట్లన్నీ కాటుకబొట్లయ్యాయి.

ఎరుపు సంగతి ఇలా ఉంటే నీలం సంగతి దీనికి పూర్తిగా ఎదురు. నీలం మరీ ఎక్కువగా ఆనేది. అంచేత కొండలూ కోనలూ ఫోటో తీసేవాళ్ళకి ఆకాశం పెద్ద తలనొప్పి అయిపోయింది. నేల మీది చెట్టూ చేమా ప్లేటుకి అందేటంతసేపు తెరిచి ఉంచితే, ఈలోగా ఆకాశం తెల్లగా పాలిపోయేది. అన్నం ఉడికేదాకా అప్పడాన్ని కూడా పొయ్యిమీదే ఉంచితే ఏమవుతుంది? అదే అన్నమాట! సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం దగ్గర ఫోటోగ్రాఫరుగా పేరు తెచ్చుకున్న రాజా దీన్‌దయాళ్ తీసిన కోటల బొమ్మలు చూడండి. రాళ్ళు చెక్కినట్టు కనపడతాయి గాని, చాలావాటిలో ఆకాశం తెల్లకాగితమే. ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే అనే ఆయన 1850ల్లోనే ఓ ఉపాయం పన్నాడు. సముద్రానికో నెగటివు, మబ్బులకో నెగటివు విడివిడిగా తీసి, రెండింటినీ ఒకే కాగితం మీద అచ్చువేశాడు. రెండు పొయ్యిల మీద వండి ఒక విస్తట్లో వడ్డించడం!

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అన్ని రంగులూ ఆనే ప్లేట్లు బజారులోకొచ్చాయి. దాంతో చిక్కు తీరిపోయిందనుకుంటాం. తీరలేదు సరికదా, కొత్త ప్రశ్న పుట్టింది. ఇంతకాలం ఏది నలుపవాలో, ఏది తెలుపవాలో ప్లేటే తేల్చేసేది. ఇప్పుడు మనిషి తేల్చాలి. కెమెరా కంటి ముందు రంగుటద్దం బిగిస్తే చాలు, అది ఆపేసిన రంగు ఫోటోలో నల్లబడుతుంది. మరి ఏ రంగు ఆపాలి? ఎందుకు ఆపాలి?

ఈ ప్రశ్నకి ఒక జవాబు 1927 ఏప్రిల్ 10న అమెరికాలో, కాలిఫోర్నియాలోని యొసెమిటీ లోయ అంచున దొరికింది. ఆన్సెల్ ఆడమ్స్‌కి అప్పుడు పాతికేళ్ళు. పియానో నేర్చుకుని విద్వాంసుడవుదామని కలలు కంటున్న కుర్రాడు. బరువైన కెమెరా, స్టాండు, పన్నెండు గాజుప్లేట్లు వీపున వేసుకుని, మంచులో మిత్రులతో కలిసి కొండెక్కాడు. ఆ మిత్రుల్లో వర్జీనియా బెస్ట్ అనే అమ్మాయి కూడా ఉంది. మరుసటి ఏడు జనవరిలో అతణ్ణి పెళ్ళాడింది ఆవిడే.

వాళ్ళు చేరుకున్న చోటు, లోయలోకి పొడుచుకొచ్చిన ఒక రాతి అంచు. ఎదురుగా హాఫ్ డోమ్ అనే కొండ, సగానికి కోసిన కొబ్బరిచిప్పలా నిట్టనిలువుగా నిలబడి ఉంది. దారిలో ప్లేట్లన్నీ అయిపోయి, చివరికి మిగిలినవి రెండంటే రెండు. కొండ మొహం మీదికి ఎండ వచ్చేదాకా కాచుక్కూచుని, ముందు పసుపు అద్దం వేసి ఒక ప్లేటు తీశాడు. తీశాక మనసుకి ఏదో వెలితిగా తోచింది. కొండ కొండలాగే వస్తుంది, ఆకాశం మామూలు బూడిదరంగులో వస్తుంది. కాని తన గుండె దడదడలాడించిన ఆ గాంభీర్యం ఏదీ? అది రాదు.

మిగిలింది ఒక్కటే ప్లేటు. ముదురు ఎరుపు అద్దం బిగించాడు. అది నీలాన్ని పూర్తిగా ఆపేస్తుంది. అయిదు సెకన్లు తెరిచి మూశాడు. ఇంటికొచ్చి కడిగి చూస్తే ఆకాశం అర్ధరాత్రిలా నల్లగా ఉంది, దాని ముందు కొండ వెలుగుతూ లేచి నిలబడింది. ఫోటో చట్రంలో చాలా భాగం కొండే. తక్కినదంతా మౌనంలాంటి నలుపు.

కంటికి కనపడ్డది కాదు, మనసుకి తోచినది ప్లేటు మీదికి తేవడం తనకి ఆ రోజే పట్టుబడిందని తరవాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడాయన. మీట నొక్కకముందే పూర్తయిన బొమ్మ లోపల కనపడాలంటాడు. నలుపు నుంచి తెలుపు దాకా పదకొండు మెట్లు ఏర్పరచుకుని, ఏ వస్తువు ఏ మెట్టు మీద ఉండాలో ముందే అనుకునే పద్ధతి ఒకటి, 1940 ప్రాంతాల్లో ఫ్రెడ్ ఆర్చర్ అనే మిత్రుడితో కలిసి తయారుచేశాడు. సంగీతం నేర్చినవాడు కదూ! నెగటివు స్వరం రాసుకున్న కాగితమైతే, దాన్నుంచి తీసే ప్రతి ఫోటో ఒక కచేరీ అనేవాడు.

అన్నమాట చేసి చూపించాడు కూడా. 1941లో న్యూ మెక్సికోలో కారులో వెళుతుంటే, హెర్నాండెజ్ అనే చిన్న ఊరి మీద చంద్రుడు ఉదయిస్తున్నాడు. శ్మశానంలో శిలువల మీద ఆఖరి పొద్దు మెరుస్తోంది. కారు ఆపి పరుగున అన్నీ దింపితే, వెలుతురు కొలిచే మీటరు కనపడదు! చంద్రుడి వెలుగు ఎంతో కంఠతా వచ్చు కాబట్టి ఆ లెక్క మీద ఒక ఫోటో తీశాడు. రెండోది తీసేలోగా శిలువల మీది ఎండ కాస్తా పోయింది. ఆ ఒక్క నెగటివునే తరవాత ఏళ్ళతరబడి అచ్చువేశాడు. మొదటి అచ్చుల్లో ఆకాశాన మబ్బుతెరలు కనపడతాయి. వయసు మళ్ళేకొద్దీ ఆకాశం నల్లబడుతూ పోయింది. అదే కీర్తన, ముసలితనంలో ఇంకా గంభీరంగా పాడాడు.

"ఇదంతా అబద్ధం కాదూ? పగటి ఆకాశం నల్లగా ఉంటుందా?" అని మీరడగొచ్చు. నేనూ అనుకున్నాను. కాని ఒక సంగతి చూడండి. 1938లో ఆయన సియెరా నెవాడా కొండల ఫోటోలతో ఒక పుస్తకం వేశాడు. అది అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చేతికి వెళ్ళింది. 1940లో అక్కడి కింగ్స్ కాన్యన్ ప్రాంతాన్ని జాతీయ ఉద్యానవనం చేశారు. అందుకోసం ఏళ్ళ తరబడి పాటుపడ్డవాళ్ళు ఎందరో ఉన్నారు. కాని ఆ కొండల ముఖమైనా చూడనివాళ్ళకి వాటి మీద గౌరవం కలిగించడంలో ఈ నలుపు తెలుపుల పాత్ర చిన్నది కాదు.

అమ్మమ్మ బొట్టు నల్లగా రావడం ప్లేటుకి చేతకాక. ఆడమ్స్ ఆకాశం నల్లగా రావడం మనిషికి చేతనై. చూడ్డానికి రెండూ నలుపే. ఒకటి ఉన్నదాన్ని పోగొట్టింది, ఒకటి కనపడనిదాన్ని చూపించింది.

ఇప్పుడు ఫోనులో ఒక్కసారి తాకితే చాలు, రంగులన్నీ పోయి నలుపు తెలుపు ఫోటో వచ్చేస్తుంది. ఏ రంగు ఎంత నల్లబడాలో మళ్ళీ యంత్రమే తేలుస్తోంది, ఆనాటి ప్లేటులాగే. మనం చూసుకోవాలిగా మరి!

ఫోటో సంగతంటారా? మళ్ళీ స్టూడియోకి పట్టుకెళ్ళాం. ఈసారి మా అమ్మ ఆ అబ్బాయి పక్కనే కుర్చీ వేయించుకుని కూచుంది. "ఇంకాస్త ఎరుపు... ఊహుఁ, అంత కాదు... ఆఁ, అదీ!" అంటూ గంటసేపు చెప్పింది. అమ్మమ్మ ఇప్పుడు ఎర్ర పట్టుచీర కట్టుకుని, కుంకుమబొట్టుతో మా గోడ మీద నవ్వుతోంది.