పేరు ఒక నదిది, మురుగు ఇంకో నదిది

జర్మనీలో రూర్ అంటే ఒక పెద్ద ఊరని చాన్నాళ్ళు అనుకున్నాను. ఊరు కాదు, నది. ఎస్సెన్, డార్ట్‌మండ్, డూయిస్‌బర్గ్ లాంటి 11 నగరాలు, 4 జిల్లాలు కలిసి ఆ నది పేరుతో ఒక ఉమ్మడి పాలనా సంఘం నడుపుతున్నాయి. మొత్తం 53 ఊళ్ళు, 50 లక్షల పైచిలుకు జనం. అయినా ఎవరి మేయరు వాళ్ళకే, ఎవరి బడ్జెట్ వాళ్ళదే.

ఇది 1920లో మొదలైంది. యుద్ధంలో ఓడిన జర్మనీ నష్టపరిహారం కింద బొగ్గు ఇచ్చుకోవాలి. బొగ్గు తవ్వాలంటే కొత్తగా వచ్చే కార్మికులకి ఇళ్ళు కావాలి. ఏ ఊరికావూరు కట్టుకుంటూ పోతే రోడ్లు కలవవు, చెట్టూ మిగలదు. అందుకే ప్రష్యా ప్రభుత్వం చట్టం చేసి ఈ సంఘాన్ని పెట్టింది. తర్వాత 1970ల్లో దాని ప్లానింగ్ అధికారాన్ని లాగేసుకున్నారు, 2009లో తిరిగిచ్చారు. దాని సభకి జనం నేరుగా ఓటేసింది మాత్రం 2020లోనే. వందేళ్ళు పట్టిందన్నమాట!

అసలు సంగతి ఇంకోటుంది. మ్యాపు చూస్తే రూర్ నది ఈ ప్రాంతానికి దక్షిణపు అంచున పారుతుంది. నడిమధ్య నుంచి పారేది ఎమ్‌షర్ అనే చిన్న నది. రూర్ నీళ్ళు తాగడానికి కావాలి, మరి మురుగు ఎటు పోవాలి? ఎమ్‌షర్‌లోకి. కింద గనులవల్ల నేల కుంగుతుంటుంది కాబట్టి పైపులు పాతిపెడితే పగిలిపోతాయి. అందుకని 1899లోనే ఊళ్ళూ, గనులూ, ఫ్యాక్టరీలూ కలిసి ఇంకో సంఘం పెట్టుకుని, ఆ నదిని తిన్నగా చేసి, గట్లు కట్టి, పైకి కనబడే మురుగుకాల్వగా మార్చేశాయి.

అంటే రూర్ సంఘానికి 21 ఏళ్ళ ముందే ఈ ఊళ్ళని ఒకచోట కూర్చోబెట్టింది మురుగు. మునిసిపాలిటీ హద్దు దగ్గర ఆగదు కదా అది!

గనులు ఉత్తరానికి జరిగి నేల కుంగడం ఆగాక, 1992లో బాగుచెయ్యడం మొదలెట్టారు. దాదాపు 550 కోట్ల యూరోల ఖర్చు. 2021 చివరికి ఎమ్‌షర్‌లోకి మురుగు రావడం ఆగింది. గొప్ప పనే, కాదనను. కానీ ఆ కాల్వ పక్కనే కాపురాలుండి, ఆ కంపులోనే పిల్లల్ని పెంచి, వెళ్ళిపోయిన మూడు నాలుగు తరాల గనికార్మికులు ఆ రోజు చూడలేదు. నది పేరున్న మ్యాపులో వాళ్ళు ఎక్కడా కనబడరు.