జపాను రైళ్ళలో కొరియన్ బడిపిల్లలు

బడిపిల్లలమీద జరిగే దౌర్జన్యాన్ని ఆకతాయితనం కింద కొట్టిపారెయ్యడం మన విద్యావేత్తలకు అలవాటు. నాలుగు మంచి మాటలు చెబితే కుర్రవాళ్ళు దారికొస్తారంటారు. జపానులోని కొరియన్ ఆడపిల్లల చరిత్ర చదివిన తర్వాత ఈ వాదం నాకు మింగుడు పడడం లేదు.

1994లో వసంతం మొదలు వేసవిదాకా, జపాను పట్టణాల రైళ్ళలో, స్టేషన్లలో, బడికి పోయే కొరియన్ అమ్మాయిల బట్టలు వెనకనుంచి కత్తితో కోశారు. జుట్టు పట్టి లాగారు. మీ దేశం పొండని తిట్టారు. కొరియన్ సంఘాల లెక్కలో ఆ కొద్ది నెలల్లోనే ఇటువంటి ఘటనలు నూరు దాటాయి. చేసినవాళ్ళలో వయసొచ్చిన మగవాళ్ళూ ఉన్నారు. ఉత్తర కొరియా అణుకార్యక్రమం గురించి పత్రికలు గగ్గోలు పెడుతున్న రోజులవి. ప్యాంగ్యాంగ్ ప్రభుత్వం చేసినదానికి రైల్లో నిలబడ్డ బడిపిల్ల జవాబు చెప్పుకోవాలి!

ఇంతకీ ఆ పిల్లలది ఏ దేశం? 1910లో జపాను సామ్రాజ్యవాదులు కొరియాను మింగారు. భూములు పోయిన రైతులు కూలికోసం సముద్రం దాటి వచ్చారు. యుద్ధకాలంలో మరెందరినో గనులకూ ఫ్యాక్టరీలకూ బలవంతాన తరలించారు. 1945 నాటికి జపానులో సుమారు ఇరవై లక్షల మంది కొరియన్లుండేవారు. ఆరు లక్షల మంది అక్కడే మిగిలిపోయారు. సామ్రాజ్యానికి కూలీలు కావలసినప్పుడు వీరు జపాను ప్రజలు. 1952లో ఆ జాతీయత కూడా ఊడబెరికారు. 1994లో కత్తి తగిలిన అమ్మాయిలలో చాలామంది తాతల నాటినుంచీ అక్కడే ఉన్న కుటుంబాలలో పుట్టినవారు. వారిని వలస వచ్చినవారనడానికి నాకు నోరు రావడం లేదు.

పిల్లలకు తమ భాష నేర్పుకోవాలని వీరు బళ్ళు పెట్టుకున్నారు. 1948లో అమెరికన్ ఆక్రమణ సైన్యం అండతో ప్రభుత్వం వాటిని మూయించబోయింది. ఏప్రిల్‌లో కోబేలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఒసాకాలో పోలీసు కాల్పులకు పదహారేళ్ళ కుర్రవాడు బలయ్యాడు. ఈ బళ్ళకు గుర్తింపు ఇవ్వవద్దని 1965లో విద్యాశాఖ తాఖీదు పంపింది. ఆఖరికి రైలు పాసులో కూడా, జపాను బడిపిల్లలకిచ్చే తగ్గింపు 1994 ఏప్రిల్‌దాకా వీరికి పూర్తిగా లేదు. పాసు చేతికొచ్చిన వసంతంలోనే రైల్లో కత్తి! 2010లో హైస్కూలు చదువుకు ఫీజులు ఎత్తివేసినప్పుడు వీరిని పక్కన పెట్టారు. 2013లో నిబంధనే మార్చి పూర్తిగా తోసేశారు. ఈ పిల్లలు పరాయివాళ్ళని ప్రభుత్వమే ఇన్నేళ్ళు చెబుతూ వస్తే, వీధిలోవాడు ఆ పాఠం ఒంటబట్టించుకోడా?

అయితే కత్తి ఆడపిల్లలనే ఎందుకు వెతుక్కుంది? ఆ బళ్ళలో మగపిల్లలకు అందరిలాంటి దుస్తులే. ఆడపిల్లలకు మాత్రం చిమా చొగోరి. అంటే పొడుగు పావడా, పొట్టి రవిక. జాతి గుర్తు మోసే బరువు వారికి అప్పగించారు. 1960 ప్రాంతాల్లో కొందరు విద్యార్థినులూ పంతులమ్మలూ ఆత్మగౌరవంతో, తమంతట తామే దాన్ని ధరించారు. అది తర్వాత బడి నియమమైంది. ఇష్టం నియమంగా మారేటప్పుడు ఆ పిల్లలను అడిగిన పెద్దలెవరు? జాతి పరువును స్త్రీ కట్టుబట్టలో వెతకడం పీడిత జాతులకూ అంటిన జాడ్యమే. దీన్ని దాచిపెట్టి జపాను ప్రభుత్వాన్ని తిట్టి ఊరుకునే అభ్యుదయవాదం నాకు పనికిరాదు.

1998లో ఉత్తర కొరియా క్షిపణి జపాను మీదుగా పోయింది. మళ్ళీ బెదిరింపులు మొదలయ్యాయి. 1999లో ఆ బళ్ళు అమ్మాయిలకు రెండో యూనిఫారం పెట్టాయి. దారిలో కోటూ స్కర్టూ. బడి గేటు దాటి లోపలికి వచ్చాక చిమా చొగోరి.