నాగార్జునకొండ: పునర్నిర్మిత కట్టడముల ప్రామాణ్యము

ఆంధ్రదేశ చరిత్రయందు ఇక్ష్వాకుల రాజధానియగు విజయపురికి గల స్థానము విజ్ఞులకు విదితమే. కాని నేడు నాగార్జునకొండకు నావలో పోయి, కొండపై స్తూపవిహారములను దర్శించు యాత్రికుడు చూచునది విజయపురియేనా? ఈ ప్రశ్న పైకి సామాన్యముగ తోచినను చరిత్ర రచనకు మిక్కిలి ముఖ్యమైనది. ఆరుబయట వెలసిన పురావస్తు ప్రదర్శనశాలలను, పునర్నిర్మితములైన ప్రాచీన నివేశములను చరిత్రకారుడు ఎంతవరకు ప్రమాణముగ గ్రహింపవచ్చునో ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

ఇట్టి ప్రదర్శనశాలలు ముఖ్యముగ రెండు విధములు. పాత కట్టడములను విప్పి తెచ్చి వేరొకచోట నిలుపుట మొదటిది. 1891లో ఆర్తూర్ హజేలియస్ స్టాక్‌హోమ్ నగరమున స్థాపించిన స్కాన్సెన్ దీనికి ప్రసిద్ధోదాహరణము. స్వీడన్ దేశమున పలు ప్రాంతములనుండి తెచ్చిన గృహములు అచట మరల నిలుపబడినవి. త్రవ్వకములలో దొరకిన ఆనవాళ్లనుబట్టి, లేని కట్టడమును క్రొత్తగ నిర్మించుట రెండవది. జర్మనీలో కాన్‌స్టన్స్ సరస్సు తీరమున ఉంటరుల్డింగెన్ గ్రామమున 1922లో గుంజలపై నిలిపిన ఇండ్లు ఇట్టివి. సరోవరవాసులు నీటినడుమ మంచెలపై గ్రామములు కట్టుకొనిరని 1854లో ఫెర్డినాండ్ కెల్లర్ ప్రతిపాదించెను. అట్టి ఇండ్లు పెక్కు నీటి అంచున తీరభూమిపైననే యుండెనని తరువాతి పరిశోధకులు వాదించిరి. గ్రంథమున పొరపాటు దొరలినచో మరు ముద్రణమున దిద్దవచ్చును. కట్టిన ఇంటిని దిద్దుట అంత సులభము కాదు.

నాగార్జునకొండ చరిత్రలో ఈ రెండు విధములును కలసినవి. మూడువైపుల నల్లమల కొండలును, పడమట కృష్ణానదియు గల ఈ లోయలోని శిథిలములు 1926లో ఎ. రంగస్వామి సరస్వతి కృషివలన వెలుగులోనికి వచ్చినవి. పిదప లాంగ్‌హర్స్ట్, 1938 మొదలు టి. ఎన్. రామచంద్రన్ అచట త్రవ్వకములు జరిపిరి. నాగార్జునసాగర నిర్మాణమువలన లోయ మునుగునని నిశ్చయమైన పిమ్మట, 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యవమున విస్తృతమైన త్రవ్వకములు ఆరంభమైనవి. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగెను. కాలముతో పోటీపడి సాగిన ఆ కృషివలన పాతరాతియుగము మొదలు మధ్యయుగము వరకు గల మానవజీవిత చిహ్నములు బయల్పడినవి.

మునుగబోవు కట్టడములలో తొమ్మిదింటిని ఎత్తైన తావులకు తరలించి మరల నిర్మించిరి. మరి పదునాలుగింటికి పెద్ద నమూనాలను తయారుచేసి, కొన్నింటిని కొండపైనను, కొన్నింటిని తూర్పుగట్టున అనుపువద్దను నిలిపిరి. క్రీడారంగస్థలము నేడు అనుపువద్ద కానవచ్చుచున్నది. సామాన్య యాత్రికునకు తరలివచ్చినదియు నమూనాయు ఒక్కతీరుననే తోచును. చరిత్రకారునకు మాత్రము ఈ భేదము ముఖ్యము. మొదటిదానియందు ప్రాచీనద్రవ్యము కలదు. రెండవదానియందు త్రవ్వినవారు చూచిన రూపము మాత్రమే కలదు.

ఇక తరలివచ్చినవానికి సయితము ఒక లోపము తప్పదు. కట్టడము తరలును గాని, దాని తావు తరలదు. మహాచైత్యమున చక్రాకారముగ పేర్చిన ఇటుకగోడల అమరికను కొండపైనను పరిశీలింపవచ్చును. కాని స్నానఘట్టమును చూడుడు: మెట్లు కలవు, ఆ మెట్ల కడ ప్రవహించిన నది లేదు. వీరపురుషదత్తుని పదునాలుగవ రాజ్యసంవత్సరమున ఉపాసిక బోధిశ్రీ వేయించిన శాసనము, చుళధమ్మగిరి విహారము విజయపురికి తూర్పుదిక్కున శ్రీపర్వతముపై నున్నదని తెలుపుచున్నది. ఈ మాటను పరీక్షించుటకు కొండపైని కట్టడములు అక్కరకు రావు. నగరము, నది, విహారము ఒకదానికొకటి ఏ దిక్కున, ఎంత దూరమున నుండెనో లోయయే చెప్పవలెను. ఆ లోయ జలగర్భమున నున్నది.

ఇట్లని తరలింపు వ్యర్థమని మా అభిప్రాయము కాదు. అది జరుగనిచో ఆ తొమ్మిది కట్టడములును నీటిపాలగుటయే గాక, ఆంధ్రుల వాస్తునైపుణ్యమును కన్నులార చూచు భాగ్యము మనకు దక్కెడిది కాదు. మేము చెప్పునది ఇంతమాత్రమే. పునర్నిర్మిత కట్టడము కొలతలకు, ద్రవ్యమునకు, నిర్మాణరీతికి సాక్షి కాగలదు. దిక్కులకు, దూరములకు, ఇరుగుపొరుగులకు సాక్షి కాజాలదు. ఈ రెండవ విషయమున త్రవ్వకములనాటి పటములు, ఛాయాచిత్రములు, నివేదికలే మనకు మిగిలిన విజయపురి.

కావున రెండు పనులు ఆవశ్యకములని తలంతుము. ప్రతి కట్టడముకడను ఏది ప్రాచీనము, ఏది నూతనము, అది మొదట లోయలో ఎచట నుండెనో తేటతెలుగున ఫలకముపై వ్రాయించుట మొదటిది. త్రవ్వకముల మూలపత్రములను జాగ్రత్తతో కాపాడి, విద్యార్థులకు అందుబాటున నుంచుట రెండవది. ఇతర స్థలములయందు సందేహము కలిగిన పరిశోధకుడు మరల పోయి నేలను ప్రశ్నింపవచ్చును. నాగార్జునకొండయందు ఆ అవకాశము మనకు లేదు. ఆ పత్రములు నశించినచో విజయపురి రెండవమారు మునిగినట్లే.