కౌమార నవల: అమెరికాలో వర్గ వైరం, మూస పాత్రలు

టీనేజ్ పాఠకుల కోసం అమెరికాలో వెలువడిన నవలల్లో కలిమిలేముల ప్రస్తావన మొదటినుంచీ ఉంది. అయితే, మార్క్ ట్వేన్ 'హకల్‌బెరీ ఫిన్'ను పక్కన పెడితే, పేదింటి కుర్రవాడు తన కథను తానే చెప్పుకోవడం 1967 తర్వాతే ఈ శాఖలో వేళ్లూనుకుంది.

అంతకు ముందు నడిచినది హొరేషియో ఆల్జర్ ఒరవడి. ఆయన 'రాగెడ్ డిక్' (1868)లో న్యూయార్క్ వీధుల్లో బూట్లు పాలిష్ చేసే కుర్రవాడు నీళ్లలో పడిన ధనికుని కొడుకును కాపాడి, ఆ తండ్రి దగ్గరే గుమాస్తాగా కుదురుతాడు. నిజాయితీపరుడైన పేదవాడు, దయగల శ్రీమంతుడు, సమయానికి కలిసొచ్చిన అదృష్టం: ఈ మూడింటితోనే ఆల్జర్ పుస్తకం తర్వాత పుస్తకం రాశారు. 1930లో మొదలైన నాన్సీ డ్రూ అపరాధ పరిశోధన కథల్లో నౌకర్లు, నల్లజాతివారు నవ్వించడానికో అనుమానించడానికో పనికొచ్చే పాత్రలు. 1959 నుంచి ప్రచురణకర్తలే వాటిని తిరగరాయించారు. మారీన్ డేలీ 'సెవెన్‌టీంత్ సమ్మర్' (1942)లో కాలేజీకి వెళ్లబోయే అమ్మాయికీ రొట్టెల దుకాణదారు కొడుక్కీ మధ్య ప్రేమ ఒక వేసవిలోనే ముగుస్తుంది. అంతరం కనిపిస్తుంది కానీ దాని మీద తగువు లేదు.

ఆ తగువును నడిమధ్యకు తెచ్చిన నవల 'ది అవుట్‌సైడర్స్'. రచయిత్రి ఎస్.ఇ. హింటన్ (జననం 1948) ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో హైస్కూలు విద్యార్థినిగా ఉండగా పదిహేనో ఏట దీన్ని మొదలుపెట్టారు. వైకింగ్ సంస్థ 1967లో ప్రచురించేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. కుర్రాళ్ల ముఠాల కథ రాసింది ఆడపిల్లని తెలిస్తే సమీక్షకులు చిన్నచూపు చూస్తారని ప్రచురణకర్తలు పొడి అక్షరాలే వేయించారు. నవలలో తూర్పు పేట పేద కుర్రాళ్లైన గ్రీజర్లు నూనె పట్టించిన పొడవాటి జుట్టుతో తిరుగుతారు; పడమటి పేట డబ్బున్న సోషులకు మద్రాసు చొక్కాలు, మస్టాంగ్ కార్లు. కథకుడు పోనీబాయ్‌కి పద్నాలుగేళ్లు, తల్లిదండ్రులు లేరు. ఇరవై ఏళ్ల పెద్దన్న డారీ కాలేజీ ఆశ వదులుకొని ఇంటికప్పుల పనికి పోతాడు. నడిమి అన్న బడి మానేసి పెట్రోలు బంకులో చేరాడు. పార్కులో సోషులు పోనీబాయ్‌ని నీళ్లలో ముంచుతుంటే అతని నేస్తం జానీ వాళ్లలో ఒకణ్ణి కత్తితో పొడిచి చంపుతాడు. సోషుల పిల్ల చెరీ ఒక రాత్రి పోనీబాయ్‌తో మనసు విప్పి మాట్లాడుతుంది. కానీ బడిలో ఎదురుపడితే పలకరించలేకపోవచ్చునని ముందే చెప్పేస్తుంది. కత్తిపోటు కంటే ఈ చిన్న సంభాషణే రెండు పేటల మధ్య దూరాన్ని సూటిగా చూపిస్తుంది.

జుట్టు చూసి మనిషిని ఖరారు చేయడాన్ని ఎదిరించిన ఈ పుస్తకానికీ సొంత మూసలున్నాయి. గ్రీజర్లకు గుండె తడి ఎక్కువ, డబ్బున్నవారికి లోపలంతా వెలితి. పేదరికానికి కారణమేమిటన్నది పాత్రలు పెద్దగా తడమవు. తగువు చివరకు వ్యక్తుల మంచితనం దగ్గర ఆగుతుంది. 1921లో తెల్లజాతి మూకలు నల్లజాతివారి గ్రీన్‌వుడ్ పేటను తగలబెట్టింది ఈ టల్సాలోనే. అయినా నవలలో చెప్పుకోదగ్గ నల్లజాతి పాత్ర ఒక్కటీ లేదు. కొన్ని బడుల్లో దీన్ని తొలగించాలన్న అభ్యంతరాలు మాత్రం ఇందుకు కాదు, ముఠా హింస, తాగుడు, పొగ గురించి. కాలిఫోర్నియాలోని ఒక బడి పిల్లలు, గ్రంథపాలకురాలు కలిసి రాసిన ఉత్తరం అందుకొని ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా 1983లో ఈ నవలను సినిమాగా తీశారు. కౌమార సాహిత్యానికి ఇచ్చే మార్గరెట్ ఎడ్వర్డ్స్ పురస్కారం 1988లో మొట్టమొదట హింటన్‌నే వరించింది.

హింటన్ నవలలో లేని నల్లజాతి పిల్లవాణ్ణి వాల్టర్ డీన్ మయర్స్ 'మాన్‌స్టర్' (1999) బోనులో నిలబెట్టింది. హార్లెమ్‌కు చెందిన పదహారేళ్ల స్టీవ్‌కు జైలు భయంతో పాటు జూరీ కళ్లలో తానెలా కనిపిస్తున్నానన్న భయమూ ఉంది. సుజేన్ కాలిన్స్ 'ది హంగర్ గేమ్స్' (2008)లో రాజధానికీ పన్నెండు జిల్లాలకూ పోరు. కథానాయిక కాట్నిస్ జిల్లాలోనే గని కూలీల వాడ వేరు, వర్తకుల వీధి వేరు. జుట్టు, కళ్ల రంగుల్లో సైతం ఆ తేడా తెలుస్తుంది. ఆంజీ థామస్ 'ది హేట్ యు గివ్' (2017)లో కథానాయిక స్టార్ పేదల వాడలో ఒక యాసలో, ఖరీదైన ప్రైవేటు బడిలో మరో యాసలో మాట్లాడుతుంది. బడిలో తనను 'వాడ పిల్ల' అనే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదని ప్రతి మాటనూ తూచి వదులుతుంది.