మార్కు సువార్త ధ్యానానికి మూడు పాత సహాయాలు



మార్కు సువార్త ధ్యానించడానికి, బోధించడానికి ఏ పుస్తకాలు కొనాలని మన యవ్వనస్థులు మమ్మల్ని అడుగుతుంటారు. కొనకముందు, చేతిలో ఉన్న బైబిలులోని సహాయాలను చూద్దాం. మార్కు రాసిన నాడు ఆ గ్రంథానికి అధ్యాయాలు లేవు, వచనాల అంకెలు లేవు. పోలిక వాక్యాలూ లేవు. అవన్నీ తరువాతి విశ్వాసుల ప్రయాసే.

మొదటిది, పోలిక వాక్యాలు. 4వ శతాబ్దంలో కైసరయ బిషప్పు యూసేబియు సువార్తల భాగాలను అంకెలతో పోల్చి చూపే పది పట్టికలు తయారుచేశాడు. మొదటి పట్టికలో నాలుగు సువార్తల్లోనూ ఉన్న సంగతులు, పదవదానిలో ఒక్క సువార్తలోనే ఉన్నవి. ఇలా పోల్చి చదివితేనే, రైతుకు తెలియకుండానే మొలిచి పెరిగే విత్తనపు ఉపమానం (4:26-29) మార్కులో మాత్రమే ఉందని తెలుస్తుంది. పొలం పనివారమైన మనకు అదెంత ఆదరణ!

రెండవది, అధ్యాయాలు. 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ చేసిన విభజననే నేటికీ వాడుతున్నాం. మూడవది, వచనాల అంకెలు. ముద్రాపకుడు రాబర్ట్ ఎస్తియెన్ 1551లో జెనీవాలో అచ్చువేసిన గ్రీకు కొత్త నిబంధనలో వాటిని పెట్టాడు.

ఇవి మేలైన సహాయాలే. అయినా అంకెలు ప్రభువు పలికినవి కావు. మేము చాలా ఏళ్లు 8వ అధ్యాయం బోధించి, 38వ వచనం దగ్గర ఆమేన్ అనేవాళ్లం. సిలువనెత్తుకోవాలన్న పిలుపు, సిగ్గుపడేవారికి హెచ్చరిక, అంతే. విశ్వాసం నిమిత్తం ఇంట్లో మాటలు పడే ఒక సహోదరి ఒక ఆదివారం, "అయ్యగారూ, మాలాంటివాళ్లకు ఆదరణ ఏమీ లేదా?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాం.

ఇంటికి వచ్చి మళ్లీ చదివాం. తరువాతి అధ్యాయం మొదటి వచనంలోనే ఉంది. దేవుని రాజ్యం బలముతో రావడం చూసేవారు అక్కడ నిలిచినవారిలోనే ఉన్నారని ప్రభువు అదే మాటల వరుసలో వాగ్దానం చేశాడు. అధ్యాయపు గీత దగ్గర ఆగింది మేమే, ఆయన కాదు. మరుసటి ఆదివారం ఆ వచనం నుండే మొదలుపెట్టాం.

ప్రియులారా, అంకెలు వాక్యాన్ని వెదకడానికే, ఆపడానికి కాదు. ఈ వారం ఇంటిల్లిపాదీ కూర్చుని, మార్కు 16 అధ్యాయాలూ ఒకేసారి బిగ్గరగా చదవండి. ఆ తరువాతే వ్యాఖ్యాన పుస్తకం తెరవండి. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.