బటన్ బ్యాటరీలు, అయస్కాంతాలు మింగడం

రిమోట్లలో, బొమ్మల్లో ఉండే బటన్ బ్యాటరీని బిడ్డ మింగితే అది అత్యవసర పరిస్థితి. 20 మిల్లీమీటర్ల లిథియం బిళ్ల అన్నవాహికలో ఇరుక్కుంటే, తడికి విద్యుత్తు ప్రవహించి ఋణధ్రువం దగ్గర గాఢమైన క్షారం పుడుతుంది. 2 గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు. వాడి పారేసిన బ్యాటరీ కూడా ప్రమాదకరమే. చొంగ కారడం, దగ్గు, తిండి వద్దనడం లక్షణాలు. ఒక్కోసారి ఏ లక్షణమూ ఉండదు, అదే అసలు భయం.

అయస్కాంతాల తీరు వేరు. రెండు మింగితే పేగు మడతలకు అటూ ఇటూ అతుక్కుని, మధ్యనున్న గోడను నలిపి చిల్లు పెడతాయి.

ఎక్స్‌రేలో బ్యాటరీ అంచు జంట వలయంగా కనిపిస్తుంది, నాణెమని పొరబడకూడదు. అన్నవాహికలో ఉంటే ఎండోస్కోపీతో వెంటనే తీయాలి. ఏడాది దాటిన బిడ్డ మింగగలిగితే, బ్యాటరీ మింగి 12 గంటలు దాటకపోతే, ఆసుపత్రికి వెళ్లే దారిలో 10 నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె ఇవ్వవచ్చు. వాంతి చేయించకూడదు.

ఒక పసిపాప మరణం తర్వాత అమెరికా 2022లో తెచ్చిన ‘రీస్ చట్టం’, బ్యాటరీ మూతలు పిల్లలు తెరవలేని విధంగా ఉండాలని నిర్దేశిస్తోంది.