చెట్టు పేరున్న ఊరు

సింగపూరుకు ఉత్తరపు కొసన, జొహోర్ జలసంధి ఒడ్డున ఉన్న పేట సెంబవాంగ్. మన తెలుగువాళ్ళు కొందరు ‘సెంబావాంగ్’ అని, మరికొందరు ‘శంభవాన్’ అని కూడా పిలుచుకుంటారు. ఎలా పలికినా, అది ఒక చెట్టు పేరనే సంగతి చాలామందికి తెలియదు. మలయ్ భాషలో ‘పోకోక్’ అంటే చెట్టు. ‘పోకోక్ సెంబవాంగ్’ నుంచే ఊరికి ఈ పేరు వచ్చిందని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. శాస్త్రజ్ఞులు దీన్ని ఒకప్పుడు ‘మెసువా ఫెరుజీనియా’ అనేవారు, ఇప్పుడు ‘కాయియా ఫెరుజీనియా’ అంటున్నారు. వాగుల పక్కన, మంచినీటి చిత్తడి అడవుల్లో పెరిగే చెట్టు ఇది.

అన్నట్టు, ఇది మనకు మరీ పరాయిదేమీ కాదు. మన నాగకేసరానికి దగ్గర చుట్టం. నాగకేసరం శాస్త్రీయ నామం ‘మెసువా ఫెర్రియా’. ఇనుములాంటి చేవ ఉన్నది కాబట్టి ఆ పేరు. దాని కొయ్య నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది. శ్రీలంక 1986లో దాన్ని జాతీయ వృక్షంగా ప్రకటించుకుంది. దాల్చినచెక్క, ఏలకులు, ఆకుపత్రి, నాగకేసరాలు కలిస్తే ఆయుర్వేదంలో చతుర్జాతం. గుళ్ళలో పడగ విప్పినట్టు పూసే నాగలింగం మాత్రం వేరు. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. మన పొన్నచెట్టు కూడా ఈ కుటుంబానిదే. సింగపూరు సముద్రతీరం దాని సొంత గడ్డ.

ఇక ఊరి చరిత్ర. పందొమ్మిదో శతాబ్దంలో సింగపూరు అడవుల్ని నరికి చీనావాళ్ళు గాంబియర్, మిరియాల తోటలు వేశారు. నేల సారం పోగానే ఆ తోటల్ని వదిలేసి ముందుకు జరిగారు. 1877లో లండన్ క్యూ తోట నుంచి 22 రబ్బరు మొక్కలు ఇక్కడి బొటానిక్ గార్డెన్స్‌కి వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉత్తరప్రాంతమంతా రబ్బరు మయమైంది. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళు నౌకాస్థావరం కట్టారు. దాని పెద్ద డాక్ 1938 ఫిబ్రవరి 14న తెరుచుకుంది. నాలుగేళ్ళ ఒక్కరోజుకు, 1942 ఫిబ్రవరి 15న, సింగపూరు జపానువాళ్ళకు లొంగిపోయింది. యుద్ధం ముగిశాక ఇంగ్లీషువాళ్ళు తిరిగొచ్చారు. 1968లో డాక్‌యార్డు సింగపూరు చేతికి వచ్చింది.

ఇంగ్లీషువాళ్ళు అక్కడి రోడ్లకు కాన్‌బెర్రా, వెల్లింగ్టన్, ఒట్టావా, డర్బన్ అంటూ తమ సామ్రాజ్యపు ఊళ్ళ పేర్లన్నీ పెట్టుకున్నారు. అయినా ఊరి పేరు మాత్రం మారలేదు. తోటలు పోయాయి, స్థావరం పోయింది, చెట్టు పేరు నిలిచింది. పేరు నిలిచిందే గానీ, ఆ చెట్టును చూసి గుర్తుపట్టగలవాళ్ళు ఎందరు?

ఈ మాట సింగపూరుకే కాదు, మనకూ తగులుతుంది. చింతలపూడి, మామిడికుదురు, వేపగుంట, మర్రిపాడు: మన ఊళ్ళు కూడా చెట్ల పేర్లు మోస్తున్నవే. పరాయిదేశంలో పుట్టిన పిల్లవాడికి ఇంటిపేరులోని ఊరు వినపడుతుంది, ఆ ఊరిలోని చెట్టు వినపడదు. చెట్టును చూపించకుండా పేరు మాత్రం అప్పగిస్తే, వాడి చేతికి వచ్చేది ఒట్టి శబ్దం.

చూపించాలంటే పెంచడమే మార్గం. సెంబవాంగ్ మొక్క దొరకడం కష్టం గనుక దాని చుట్టం నాగకేసరంతో మొదలుపెట్టవచ్చు. గింజల్లో నూనె ఎక్కువ, నిలవుంటే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది. కాయ పగిలిన వెంటనే నాటాలి. తల్లివేరు లోతుగా దిగుతుంది కాబట్టి పొడవాటి సంచిలో మొలిపించి, వేరు కదలకుండా మార్చాలి. మొదటి ఏళ్ళలో కొంచెం నీడ, తడి ఆరని నేల కావాలి, నీళ్ళు మాత్రం నిలవకూడదు. లేత ఆకులు ఎర్రగా, మెత్తగా వేలాడుతుంటే చీడ పట్టిందని కంగారు పడకండి, దాని తీరే అంత. మంచు కురిసే ఊళ్ళలో బయట బతకదు. గింజల్ని దేశం దాటించాలంటే ముందుగా అనుమతి కాగితాలు చూసుకోండి.

ఇది బహు నిదానంగా పెరుగుతుంది. తెల్లటి నాలుగు రేకుల మధ్య పచ్చటి కేసరాల గుత్తితో, మంచి వాసనతో పూసే నాటికి నాటినవాళ్ళు పెద్దవాళ్ళయిపోతారు. ఫ్లాట్లలో ఉండే మనకు నేల లేదంటే నిజమే. కుండీలో కొన్నేళ్ళు పెంచి, ఆ తర్వాత గుడికో బడికో అడిగి ఇవ్వవచ్చు. ఇచ్చేటప్పుడు దాని పేరు మలయ్‌లోనూ తెలుగులోనూ రాసిన చిన్న పలక ఒకటి పక్కన గుచ్చిరండి.